పక్కింటి పిల్లికి పనికొచ్చే మట్టి

బడులు మూతపడిన ఆ ఏడాది మా బాపు ఒక శాస్త్ర పరిశోధన చేశాడు. గడప దాటని పిల్లికి మూల పెట్టే తట్టలో ఏ మట్టి పోస్తే అది బుద్ధిగా అందులోకే వెళ్తుంది అన్నది విషయం. బాపు అంతకు ముందూ ఆ తర్వాతా ఏ విషయం మీదా అంత లోతుకు పోలేదు. కానీ ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోయింది. ఎందుకంటే పిల్లి మాది కాదు, పక్కింటి ఆంధ్రోళ్ళది. సంవత్సరమేమో అరవై తొమ్మిది. ఊరు తొర్రూరు.

బాపు హైస్కూల్లో సోషల్ సారు. తెలంగాణ ఉద్యమం మొదలై పిల్లలు రోడ్డెక్కాక బడికి తాళం పడింది గానీ, బాపుకు పాఠం చెప్పే అలవాటు పోలేదు. పొద్దున్నే ఉతికిన ధోవతి కట్టుకుని మా ఇంటి అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళను ఆపి మరీ ముల్కీ రూలు చెప్పేవాడు. ఇక్కడ పదిహేనేళ్ళు ఉన్నవాడికే ఇక్కడి కొలువు, అది రూలు, దాన్నే తుంగలో తొక్కారు. బర్రెలు తోలుకుపోయేవాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు. బర్రెలు మాత్రం నిలబడేవి కావు. అప్పుడు వాళ్ళు వాటి వెనక పరుగెత్తేవాళ్ళు, బాపు మిగతా పాఠం నాకు చెప్పేవాడు. నేనప్పుడు ఆరో తరగతి, నాకు పారిపోవడానికి బర్రెలు లేవు.

మా గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో సమితి ఆఫీసు గుమాస్తా, ఆయన భార్య ఉండేవాళ్ళు. కోస్తా నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. అంటే బాపు లెక్కలో ఆయనకు ఇంకా పదకొండేళ్ళు తక్కువ. “మనిషి మంచోడే. రూలు తప్పిచ్చిన్రు, గంతే” అనేవాడు బాపు. పగలంతా ఆయన వెళ్ళిపోవాలని అరుగు మీద వాదించి, సాయంత్రం గోడ మీదుగా ఆయనతో పేపరు పంచుకునేవాడు. ముందు పేజీలు ఈయన, వెనక పేజీలు ఆయన, గంట తర్వాత మార్పిడి. ఇందులో తప్పేముందో ఇద్దరికీ ఎప్పుడూ తోచినట్టు లేదు.

గుమాస్తా భార్యకు పిల్లల్లేరు. ఒక పిల్లి ఉండేది. తెల్లది, వీపు మీద గోధుమరంగు మచ్చ, మెడలో చిన్న గజ్జె. సమితి ఆఫీసులో పాత ఫైళ్ళ బీరువా వెనక పుట్టిన నాలుగు కూనల్లో వీధి కుక్కల నోట పడకుండా మిగిలింది అదొక్కటే. అందుకే ఆమె దాన్ని గడప దాటనిచ్చేది కాదు. దానికో ముద్దు పేరు కూడా ఉండేది. ఇందులో మనుషుల పేర్లు రాయదలచుకోలేదు కాబట్టి పిల్లికీ అదే మర్యాద ఇస్తున్నాను.

ఎండలు ముదరకముందే ఊళ్ళో కేకలు ముదిరాయి. మావాళ్ళెవరూ ఆ ఇంటి మీద రాయి వెయ్యలేదు గానీ, వేస్తారేమోనని ఆమె రాత్రుళ్ళు నిద్రపోవడం మానేసిందట. గుమాస్తా సెలవు పెట్టి, భార్యను తీసుకుని వాళ్ళ ఊరు పోవడానికి సిద్ధమయ్యాడు. పోయే రోజు పొద్దున ఆమె పెరటి గోడ దగ్గరికి వచ్చి పిల్లిని అమ్మ చేతుల్లో పెట్టింది. మా పెరటి వెనక వడ్ల గిర్ని ఉండేది. అది దడదడలాడుతోంది. ముందు వాకిట్లో జీపు హారన్ మోగుతోంది. ఆమె ఏడుస్తూ ఏదో చెప్పింది, అమ్మ ఏడుస్తూ విన్నది.

“నువ్వచ్చేదాంక గిది నా పానం లెక్క. నీ పిల్లిని నీ చేతులల్ల పెడత. రంది వెట్టుకోకు, పో చెల్లె” అని అమ్మ మాట ఇచ్చింది.

ఇంట్లోకి రాగానే నాయినమ్మ అడిగింది. “ఏమన్నదే?”

“బయిటికి ఇడువద్దన్నది. ఊకె ఏస్తుండుమన్నది. ఎయ్యకుంటె ఇల్లంత పాడు చేస్తదట.”

“ఏం ఏసుడు?”

“పిల్లికి ఏమేస్తరత్తమ్మా? బువ్వ.”

ఊకె అంటే మా వైపు మాటిమాటికీ అని. ఉత్తపుణ్యానికి, ఏ కారణమూ లేకుండా అని కూడా. ఇక్కడ మాటిమాటికీ అనే అర్థం సరిగ్గా కుదిరింది. అమ్మ అప్పుడే లేచి, పాలల్లో అన్నం పిసికి పిల్లి ముందు పెట్టింది. అది తిన్నది. అమ్మ మళ్ళీ పెట్టింది. అది మళ్ళీ తిన్నది. మధ్యాహ్నానికి నాలుగుసార్లు అయింది. సాయంత్రానికి పిల్లి బాపు మంచం కింద, ఇస్త్రీ చేసి పెట్టుకున్న ధోవతి మీద, తన బాధ తీర్చుకుంది.

“సరిపోలేదు గావచ్చు” అన్నది అమ్మ, ఇంకో ముద్ద పెడుతూ. “ఎయ్యకుంటె పాడు చేస్తదన్నది గద. ఇంక జర ఎక్కువ ఎయ్యాలె.”

ఆ రోజు నుంచి మా ఇంట్లో నడిచిన పద్ధతి ఇదే. పిల్లి ఎంత పాడు చేస్తే అమ్మ అంత ఎక్కువ పెట్టేది. అమ్మ ఎంత ఎక్కువ పెడితే పిల్లి అంత ఎక్కువ పాడు చేసేది. ఇంట్లో నలుగురం ఉన్నాం, అందులో ఒకాయన బియ్యే బియ్యీడీ. ఈ రెండింటికీ సంబంధం ఉందేమోనని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

బాపు గొడవ వేరే. “ఎవలి పిల్లే గిది?” అన్నాడు ఆ సాయంత్రం ఇంటికి రాగానే.

“నీకెరుకనే.”

“బజార్ల నేను గో బ్యాక్ అనుకుంట తిరుగుతాన్న. నువ్వు ఇంట్ల గా ఇంటి పిల్లికి పాలు పోస్తానవ్?”

“పిల్లిని గో బ్యాక్ అన్నరా?”

బాపు ఆలోచించాడు. నినాదాల్లో పిల్లి ప్రస్తావన లేదు. కానీ సంగతి బయటపడితే అరుగు మీది పాఠాలు ఎవరు వింటారు? అందుకని పిల్లి ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదని తేల్చాడు. దాని గజ్జెలో స్వయంగా దూది కూరాడు. ఇక మిగిలింది, బయటికి పంపకుండా దాని చేత సరైన చోట ఆ పని చేయించడం. పక్కింట్లో ఎప్పుడూ వాసన వచ్చేది కాదని అమ్మ చెప్పింది. వాళ్ళేదో మట్టి వాడి ఉంటారని బాపు ఊహించాడు.

“గోదావరి ఇసుక తెప్పిచ్చుకుంటరేమో. వాళ్ళకు అన్నీ ఆడినుంచే రావాలె గద” అన్నాడు. “మన మట్టికి ఏం తక్కువ? మన పిల్లి కాకున్నా మన మట్టి మీదనే కూసుంటది, చూడు.”

పరిశోధన పొయ్యిలోంచి మొదలైంది. బూడిద మెత్తగా ఉంటుంది, వాసన పీలుస్తుంది, ఇంట్లోనే దొరుకుతుంది. గిన్నెలు తోమడానికి దాచుకున్న బూడిదంతా నాయినమ్మ గొణుక్కుంటూ ఇచ్చింది. పాత రేకు తట్ట నిండా పోసి మూల పెట్టాం. పిల్లి వచ్చి వాసన చూసింది, లోపలికి దిగింది. బాపు మా అందరినీ ఊపిరి బిగపట్టమన్నాడు. అది మూడు చుట్లు తిరిగి, హాయిగా ముడుచుకుని పడుకుంది. చలికాలంలో పిల్లులు ఆరిన పొయ్యిలో పడుకుంటాయని మాలో తెలియనివాళ్ళు లేరు. తెలిసీ ఎలా మరిచిపోయామో ఇప్పటికీ అర్థం కాదు. సాయంత్రం దాకా నిద్రపోయి లేచి, బూడిదరంగు పిల్లిగా మారి, మా పరుపుల మీదంతా నడిచి, వెళ్ళి సామాన్లు పెట్టుకునే గడమంచె కింద కానిచ్చింది.

ఎనభైల చివర నా కాపురం భూపాలపల్లిలో ఉన్నప్పుడు, ఈ అనుభవం ఉండి కూడా, అక్కడి బొగ్గు పొయ్యి బూడిదతో మళ్ళీ ప్రయత్నించాను. బాపు కూతుర్ని కదా. ఆ పిల్లి కూడా పడుకుంది. కాకపోతే లేచాక కడిగినా తెల్లబడలేదు.

తర్వాత చెరువు రేగడి. తడిగా ఉన్నంతసేపు పిల్లి అడుగులు వంటింటి నుంచి దేవుడి గూటి దాకా ముగ్గు వేసినట్టు పడ్డాయి. ఆరాక అది రాయై కూర్చుంది. పిల్లి గోకి గోకి విసుగు పుట్టి బాపు వైపు చూసేది. ఎర్రమట్టి తెస్తే నాయినమ్మ ఒప్పుకోలేదు. “గడపలకు పూసే మన్ను. దాంట్ల పిల్లిని కూసోవెడ్తరా, బుద్ధి ఉన్నదా?” అని తట్ట ఎత్తుకుపోయి, ఆ పూటే అరుగులన్నీ అలికేసింది. రంపపు పొట్టు తెస్తే పిల్లి తుమ్మింది. పిల్లి తుమ్మితే బాపు బయలుదేరిన పని మానుకుని వెనక్కి వచ్చేవాడు. అలా రోజుకు నాలుగుసార్లు బయలుదేరి నాలుగుసార్లు కాళ్ళు కడుక్కున్నాడు. రాష్ట్రం కోసం దెబ్బలు తినడానికి వెనకాడని మనిషి పిల్లి తుమ్ముకు ఆగిపోవడం మాకు వింతగా అనిపించలేదు.

ఇవన్నీ ఇంటికి చేర్చడమే పెద్ద చిక్కు. బడి లేని సారు ఒకరోజు మట్టి, ఒకరోజు పొట్టు సంచిలో మోసుకుపోతుంటే ఊరు కళ్ళు మూసుకుని కూర్చుంటుందా? “ఏంది సారూ, ఏం కడతాన్రు?” అని అడిగారు. బాపు తడుముకుని, “గద్దె” అన్నాడు. వాకిట్లో తులసి గద్దె అనేశాననుకున్నాడు పాపం. విన్నవాళ్ళు ఉద్యమ సభలకు గద్దె అనుకున్నారు. మూడో రోజు పొద్దున ఒక అభిమాని ఆకేరు వాగు నుంచి బండెడు ఇసుక తెచ్చి మా ఇంటి ముందు గుమ్మరించి, జై కొట్టి, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ గద్దె ఇప్పటికీ కట్టలేదు.

ఇసుక మాత్రం కొంత పనిచేసింది. పిల్లి అయిష్టంగానే అయినా రెండుసార్లు తట్టలోకి దిగి పని కానిచ్చింది. బాపు మొహం వెలిగిపోయింది. “చూసిన్రా? ఆకేరు ఇసుక!” అన్నాడు, ఆ వాగును తానే తవ్వినట్టు. అమ్మ ఆ సంతోషంలో పిల్లికి పెరుగన్నం పెట్టింది.

మేం మరిచిపోయిన సంగతి ఒకటి ఉంది. ఎండాకాలం వచ్చింది. ఎండాకాలం వస్తే నడిమింట్లో ఓ మూల ఇసుక పోసి, దాన్ని తడిపి, దాని మీద రంజన్ కూర్చోబెడతాం. రంజన్ అంటే మా వైపు మంచినీళ్ళ పెద్ద కుండ. కింది ఇసుక తడిగా ఉన్నకొద్దీ నీళ్ళు చల్లగా ఉంటాయి. ఇసుక దేనికో పిల్లికి నెల రోజులు కష్టపడి నేర్పాం. రంజన్ కింది ఇసుక వేరే అని ఎవరూ నేర్పలేదు.

ఆ వారంలోనే జనగామ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఉద్యమంలో ముందుండేవాడు. మధ్యాహ్నం బస్సు దిగి మా ఇంట్లో కూర్చున్నాడు. ఊరి పెద్దలు ఐదారుగురు చుట్టూ చేరారు. ఆయన గంభీరంగా మాట్లాడుతూ మధ్యలో నీళ్ళు అడిగాడు. రంజన్‌లోంచి ముంచి ఇచ్చింది నేనే. గ్లాసు ఆయన పెదాల దాకా వెళ్ళింది, పిల్లి వంటింట్లోంచి వచ్చింది. ఎవరినీ లెక్కచెయ్యకుండా సభ మధ్యగా నడిచి, రంజన్ కింది తడి ఇసుకను నాలుగుసార్లు గోకి, మా అందరి వైపు తిరిగి కూర్చుంది. ఆ పని చేసేటప్పుడు పిల్లి మొహం ఎంత గంభీరంగా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. ఆ గదిలో అంత గంభీరంగా ఉన్నవాళ్ళు ఇంకొకరు లేరు, పెద్దమనిషితో సహా.

సరిగ్గా అప్పుడే గజ్జెలో దూది ఊడి, గల్లుమంది.

“గిది గుమాస్తా ఇంటి పిల్లి గాదు?” అన్నాడు పెద్దల్లో ఒకాయన.

జవాబు వంటింటి దర్వాజ నుంచి వచ్చింది. “ఔ. వాళ్ళదే. నేనే పెట్టుకున్న. మాటిచ్చిన” అన్నది అమ్మ. కొత్తవాళ్ళ ముందు ఆమె గొంతు పెద్దగా వినడం నాకు అదే మొదలు.

“మాకు అరుగు మీద ముల్కీ చెప్పుకుంట, ఇంట్ల నాన్ ముల్కీ పిల్లిని సాదుతానవా సారూ?”

“పిల్లి కూడ పదిహేనేండ్లు ఉండాల్నా?” అన్నాడు ఇంకొకాయన.

“రూలంటె రూలే.”

“పిల్లి బతికేదే పదో పన్నెండో ఏండ్లాయె. అట్లయితె పిల్లులల్ల ముల్కీయే ఉండది.”

వాదన ఇలా వేడెక్కుతుంటే, అంతదాకా గోడకు ఆనుకుని ఒత్తులు చేసుకుంటున్న నాయినమ్మ తలెత్తింది. “ఏం మాట్లాడుతాన్రు బిడ్డా? అది పుట్టింది ఈడ. మన సమితి ఆఫీసుల, బీరువ ఎన్క. దాని తల్లి మన బజార్ల తిరిగే పిల్లే, నేనెరుగుదు. తండ్రెవడో తెల్వది గని, గుంటూరు నుంచి బస్సెక్కి అయితె రాలే.”

పెద్దమనిషి గట్టిగా నవ్వాడు. “పుట్టుకతోనే ముల్కీ!” అని తీర్పు చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు. ఆ ఏడాది ఆ ప్రశ్న మీద అందరూ ఒప్పుకున్న తీర్పు నాకు తెలిసి అదొక్కటే. ఆ తర్వాత ఆయన గ్లాసు వైపు, రంజన్ వైపు, దాని కింది ఇసుక వైపు చూశాడు. “బిడ్డా, గీ నీళ్ళు గా రంజన్‌లయేనా?” అని నన్ను అడిగాడు. ఔనన్నాను. భోజనం ఉన్నా ఆగకుండా తరువాతి బస్సుకే వెళ్ళిపోయాడు.

పిల్లి గుట్టు బయటపడ్డా కొంపేమీ మునగలేదు. కానీ అసలు సమస్య అలాగే ఉంది. వీధిలో కుక్కలున్నాయి, కాబట్టి పిల్లి బయటికి పోకూడదు. రంజన్ పాడవకుండా ఉండాలని ఇసుకంతా ఇంట్లోంచి ఎత్తేశాం, కాబట్టి పిల్లికి మళ్ళీ దిక్కు లేదు. అది మాత్రం రోజురోజుకూ వడ్ల గది తలుపు దగ్గర తచ్చాడడం మొదలుపెట్టింది.

ఆ గదిలో నాయినమ్మ విత్తనాల వడ్ల గుమ్మి ఉండేది. నర్సింహులపేట వైపు మాకున్న పొలానికి విత్తనాలు ఆమే ఏరి, ఎండబెట్టి, వెదురు గుమ్మిలో పోసి, పైన గోనెపట్టా కప్పేది. ఆ గదిలోకి మమ్మల్ని ఎంగిలి చేతులతో కూడా రానిచ్చేది కాదు. రోహిణి కార్తెలో ఒక పొద్దున విత్తనాలు తీద్దామని పట్టా ఎత్తి, అక్కడే కూలబడింది. పిల్లి ఎన్ని రోజులుగా అందులోకి పోతోందో గానీ, పని కానిచ్చి వడ్లు శుభ్రంగా కప్పి పెట్టింది. తట్టలో ఏ మట్టికీ చూపని మర్యాద ఆ విత్తనాలకు చూపింది.

నాయినమ్మ తిట్టలేదు. అందుకే మాకు భయమేసింది. పై వడ్లన్నీ చేటలో ఎత్తి పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, “ఇగ గిది ఇంట్ల ఉండొద్దు” అన్నది. పెద్దల సభలో దాన్ని ముల్కీ చేసిన మనిషే ఆమె.

మా వైపు పిల్లిని చంపరు, మహా పాపం. వద్దనుకుంటే గోనెసంచిలో కట్టి ఏ వాగు అవతలో వదిలేసి వస్తారు. బాపు సైకిల్ తీశాడు, సంచి తీశాడు. పిల్లి సంచిలోంచి ఒక్కసారి అరిచి ఊరుకుంది. అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

“నీ చేతులల్ల పెడత అని మాటిచ్చిన. రేపు ఆమె వచ్చి అడిగితె నా మొఖం ఏడ పెట్టుకోవాలె?”

“వస్తదో రాదో ఎవలికెరుక?”

“రాకుంటె గూడ మాట మాటే. పిల్లి లేని ఇంట్ల నేను పొయ్యి అంటియ్య.”

బాపు సంచి హ్యాండిల్‌కు తగిలించి సైకిలెక్కాడు. నేను మూలమలుపు దాకా పరుగెత్తి, సైకిల్ కనబడకుండా పోయాక ఏడ్చుకుంటూ వచ్చాను. అమ్మ అన్నంత పనీ చేసింది. ఆ పగలు మా ఇంట్లో పొగ లేవలేదు. నాయినమ్మ కూడా అన్నం అడగలేదు. ఆ పిల్లి అంటే నాకు ఎంత ఇష్టమో ఆ రోజు దాకా నాకే తెలియదు. అదసలు నా దగ్గరికి వచ్చేదే కాదు, అయినా.

పొద్దుగూకేముందు బాపు వచ్చాడు. సంచి హ్యాండిల్‌కే వేలాడుతోంది. దించి ముడి విప్పితే పిల్లి బయటికి వచ్చి, ఒళ్ళు విరుచుకుని, నేరుగా అమ్మ దగ్గరికి పోయింది.

“వాగుల నీళ్ళు మస్తున్నయ్. దాటొస్తలేదు” అన్నాడు బాపు, మా మొహాలు చూడకుండా.

రోహిణి కార్తెలో ఆకేరులో నీళ్ళు! చెలిమె తవ్వితే గానీ దోసెడు దొరకని రోజులవి. బాపు ధోవతి అంచుకు పొడి ఇసుక అంటుకుని ఉంది. అందరం నాయినమ్మ వైపు చూశాం. ఆమె ఆ అంచు చూసి, “మరి గన్ని నీళ్ళల్ల ఎట్ల దాటుతవ్ తియ్యి” అన్నది. అమ్మ లేచి పొయ్యి ముట్టించింది. మొదటి ముద్ద పిల్లికే పెట్టింది.

వానలు పడ్డాయి, వెనకబట్టాయి. గుమ్మి మీద చేట, చేట మీద రుబ్బురోలు పొత్రం పెట్టాం. తట్టలో మళ్ళీ ఇసుక పోశాం. అది తోచినప్పుడు అందులోకి వెళ్ళేది, తోచనప్పుడు గుమ్మి చుట్టూ తిరిగి కనబడ్డ చోట కానిచ్చేది. అమ్మ మాత్రం పెట్టడం ఆపలేదు. పిల్లి గుమ్మడికాయంత అయింది. పరిశోధన ఇక ముందుకు పోదని బాపు కూడా ఒప్పుకున్నాడు.

అప్పుడొచ్చారు వాళ్ళు. గుమాస్తాకు వాళ్ళ జిల్లాకే బదిలీ అయింది, సామాను తీసుకుపోవడానికి లారీ కూడా తెచ్చుకున్నారు. ఆమె బండి దిగి తన ఇంటి తాళం కూడా తియ్యకుండా మా ఇంట్లోకి వచ్చి పేరు పెట్టి పిలిచింది. ఆరు నెలలుగా మేం ‘దా దా’ అంటే చెవి కూడా కదపని పిల్లి, అంత ఒళ్ళు వేసుకుని, పరుగెత్తుకుంటూ వచ్చింది.

“అయ్యో, ఇదేమిటండీ! దూడలా అయింది! ఏం పెట్టారు అక్కగారూ దీనికి?”

అమ్మ ఆ క్షణం కోసమే ఆరు నెలలు కాచుకుని ఉన్నది. “నువ్వే అంటివి గద చెల్లె, ఊకె ఏస్తుండుమని. పూటకు నాలుగుసార్లు ఏసిన. అయినా ఇల్లంత పాడు చేసింది. నేనేం తక్కువ చేసిన్నో నాకు సమజ్ కాలే.”

ఆమె అమ్మ వైపు వింతగా చూసింది. “ఊకె ఏమిటండీ? నేనన్నది ఊక. ఊక వేస్తూ ఉండండి అన్నాను. వడ్లు ఆడిస్తే వస్తుంది చూడండి, పైపొట్టు. తట్టలో పోసి మూల పెడితే దాంట్లోకే పోతుంది. చిన్నప్పటి నుంచీ దానికి అదే అలవాటు.”

పెరటి వెనక గిర్ని ఒక్కటే దడదడలాడుతోంది.

“ఉనుకనా?” అన్నది నాయినమ్మ.

మేం దాన్ని ఉనుక అంటాం. అందరం పెరటి వైపు చూశాం. గిర్ని వెనక ఉనుక కుప్ప మా ఇంటి కప్పు కన్నా ఎత్తుగా ఉంది. ఎవరైనా ఎత్తుకుపోతే గిర్ని వాళ్ళే దండం పెడతారు. గాలి మళ్ళినప్పుడల్లా అది మా పెరట్లోకి ఎగిరొచ్చేది. అమ్మ రోజుకు రెండుసార్లు దాన్ని తిట్టుకుంటూ బయటికి ఊడ్చేసేది.

“గందుకే వడ్లల్ల కూసున్నది” అన్నది నాయినమ్మ మెల్లగా. “పొట్టు కోసం ఎతుక్కున్నది, పాపం. దాన్ని నేను ఎల్లగొట్టుమంటి.”

బాపు మొదట గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. “చూసినవా గుమాస్తా సాబ్? ఒక్క మాటకు ఆర్నెల్లు పట్టింది. గందుకే మేం వేరె రాష్ట్రం అడిగేది” అన్నాడు.

“పేపరు మాత్రం ఒక్కటే చదివాం కదండీ మాస్టారూ” అన్నాడు ఆయన. ఆయనా నవ్వాడు.

ఆమె మా తట్ట తీసుకుని, ఇసుక పారబోసి, గిర్ని దగ్గరికి తానే వెళ్ళి నిండా ఊక తెచ్చి మూల పెట్టింది. పిల్లి వచ్చి, దిగి, కరకరా గోకి, పని ముగించి, కప్పెట్టి, ఒక్కసారి కాలు విదిలించుకుని బయటికి వచ్చింది. అంతా రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బాపు దగ్గరగా వంగి చూసి, అరుగు మీదికి పోయాడు.

సాయంత్రానికి లారీ నిండింది. వాళ్ళ పాత తట్టలో ఊక నింపుకుని, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, ఆమె డ్రైవరు పక్కన కూర్చుంది. అమ్మ కిందినుంచి చెయ్యెత్తి పిల్లి తల నిమిరింది. ఇచ్చిన మాట తీరింది. తీరినందుకు సంతోషపడాల్సిన మనిషి కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

“ఊకె వస్తుండు చెల్లె” అన్నది.

“ఊకె వస్తానక్కా” అన్నది ఆమె. గారు అనలేదు. ఆ మాటను మాలాగే పలకబోయింది, సగమే పలికింది.

ఆమె మళ్ళీ రాలేదు. మొదట్లో రెండు ఉత్తరాలు వచ్చాయి. పిల్లి ఒళ్ళు తగ్గిందని ఒకదాంట్లో రాసింది. తర్వాత అవీ రాలేదు.

బడి తెరిచారు. బాపు మళ్ళీ సోషల్ చెప్పడానికి పోయాడు. పక్కింట్లోకి ఎవరో కొత్తవాళ్ళు వచ్చారు, వాళ్ళు పేపరు చదివేవాళ్ళు కాదు. వడ్ల గది మూల మా తట్ట మాత్రం అలాగే ఉండిపోయింది. అమ్మ వారం వారం గిర్ని నుంచి కొత్త ఉనుక తెచ్చి అందులో నింపేది. చలికాలమంతా నింపింది. ఒకరోజు బాపు చూసి చూసి అడిగాడు.

“పిల్లి పాయె, పిల్లి మనిషి పాయె. ఇంకెందుకే నీకు గీ తట్ట?”

అమ్మ కొత్తగా పోసిన ఉనుకను అరచేత్తో సమంగా సర్దుతోంది. తల ఎత్తలేదు.

“ఊకెనే” అన్నది.